ఎలుకబుంగమ్మ గారి మొదటి ప్రశ్న

కొందరికి ముక్కుపొడి అలవాటు, కొందరికి పేకాట అలవాటు, కొందరికి పక్కింటి గొడవల్లో చెవి పారేసుకునే అలవాటు. ఆ ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచరమ్మకి ఇవేవీ లేవు. ఆవిడకున్నది ఒకే ఒక్క అలవాటు. ఎడారి ఎలుకనీ బుడబుంగనీ పోల్చడం.

బుడబుంగ అంటే చెరువుల్లో తిరిగే పిడికెడు నీటిపక్షి. చూస్తుండగానే బుడుంగున మునుగుతుంది. మనం ఇక్కడ వెతుకుతుంటే అది అక్కడ తేలుతుంది. ఇక ఎడారి ఎలుక పుట్టి బుద్ధెరిగి చుక్క నీళ్ళు తాగి ఎరగదు. తిన్న గింజల్లోంచే ఒంటికి కావలసిన తడి పిండుకుని, వెనక కాళ్ళ మీద గెంతుతూ ఇసుకలో కాలక్షేపం చేస్తుంది. ఈ రెండూ జన్మలో ఎదురుపడవు. పడినా పలకరించుకోవు. ఒకదానికొకటి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అయినా సరే, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ బళ్ళో ఏ పరీక్ష పెట్టినా జీవశాస్త్రం పేపర్లో మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎడారి ఎలుకకూ బుడబుంగకూ గల పోలికలు, భేదాలు రాయుము. రెండు మార్కులు."

పాఠం కప్ప గుండె గురించైనా కావచ్చు, కంటి నిర్మాణం గురించైనా కావచ్చు. మొదటి ప్రశ్న మాత్రం అదే. రెండు మార్కుల ఆ ప్రశ్నకి పిల్లలు నాలుగేసి పేజీలు రాసి, అదనపు కాగితాలు అడిగేవారు.

పిల్లలు ఆవిడకి ఎలుకబుంగమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఎవరైనా నోరుజారి "ఎలుకబుంగమ్మ గారూ" అని పిలిచి నాలిక కరుచుకుంటే, "ఆఁ, పలికాను. నాలిక వదిలేసి సంగతి చెప్పు" అనేది.

ఆవిడ పాఠం చెప్పేది కాదు, ఆడేది. యాభై ఏడేళ్ళ మనిషి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టిందంటే ఎలుక వచ్చేస్తోందని లెక్క. బోర్డు దగ్గర నుంచి చివరి బెంచీ దాకా ఏడు గెంతులు. పక్క గదిలో లెక్కల మేస్టారు, "మేడమ్, ఇక్కడ సున్నం రాలుతోంది!" అని గోడ అవతల నుంచి అరిచేవారు. "ఇంకో రెండు గెంతులే మేస్టారూ, ఓర్చుకోండి!" అని ఈవిడ ఇవతల నుంచి అరిచేది. ఆ తర్వాత బుంగ వంతు. ముక్కు మూసుకుని బల్ల కింద మునిగేది. తరగతంతా లెక్కపెట్టేది. ఇరవై దాకా వచ్చాక ఆవిడ ఎక్కడో మూడో వరస పక్కన తేలి, "చూశారా, ఇక్కడ వెతికితే అక్కడ తేలాను. బుంగంటే ఇంతే!" అనేది.

ఒకసారి ఆవిడ మునిగి ఉండగానే గంట కొట్టేశారు. సోషలు మేస్టారు వచ్చి, కుర్చీలో కూర్చుని హాజరు పిలవడం మొదలుపెట్టారు. "ఇరవై మూడు?" అనగానే బల్ల కింద నుంచి, "క్షమించాలి, ఊపిరి అయిపోయింది" అంటూ ఎలుకబుంగమ్మ పైకొచ్చింది. పాపం సోషలు మేస్టారు ఆ తర్వాత నెల రోజులపాటు ముందు బల్ల కిందికి తొంగిచూసి గానీ కుర్చీలో కూర్చోలేదు.

ఇలాంటి బడికి ఒక కొత్త హెడ్మాస్టరు వచ్చాడు.

నలభై ఏళ్ళవాడు. హెడ్మాస్టరుగా ఇదే మొదటి ఉద్యోగం. నిబంధనల పుస్తకం చేతిలో లేకపోతే చొక్కా వేసుకోవడం మరిచిపోయినట్టు ఇబ్బంది పడిపోయే మనిషి. వచ్చిన మొదటి వారంలోనే ఆఫీసు గదిలో పాత అలమారాలన్నీ తెరిపించి, కట్టలు విప్పించి, దుమ్ము దులిపించాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఈయన అలమారా తవ్వి ఎలుకతో పాటు బుంగను కూడా పట్టాడు.

వెంటనే కబురు పంపించాడు. ఎలుకబుంగమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇదేంటి మేడమ్?"

"ప్రశ్నపత్రం సార్."

"మరి ఇది?"

"అదీ ప్రశ్నపత్రమే సార్."

"ఒక్క ఎనిమిదో తరగతివే తొంభై మూడున్నాయి. తొంభై మూడింట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే!"

"అక్షరదోషాలేమైనా దొర్లాయా సార్?"

"దోషం అక్షరాల్లో లేదు! ఏటేటా అదే ప్రశ్న ఇవ్వడమేంటి?"

"ఎలుక మారలేదు, బుంగా మారలేదు. ప్రశ్న మాత్రం ఎందుకు మారాలి సార్?"

హెడ్మాస్టరు నీళ్ళు నమిలాడు.

"నమలకండి సార్, తాగండి" అంటూ ఆవిడ గ్లాసు ఆయన వైపు జరిపింది. "నీళ్ళు లేకుండా బతకడం ఆ ఎలుకకి చెల్లింది గానీ మనకి చెల్లదు. దాని మూత్రపిండాలు వేరు."

"మేడమ్! ప్రశ్న ముందే తెలిసిపోతే దాన్ని పరీక్షంటారా? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లీకవుతోందిది!"

"లీకు కాదు సార్, కుళాయి. నేనే తిప్పి వదిలేశాను."

హెడ్మాస్టరు నిబంధనల పుస్తకం తెరిచాడు. ఈసారి ఏడాది పరీక్షలో ఆ ప్రశ్న కనబడకూడదనీ, కనబడితే ఇకపైన ప్రశ్నపత్రం తయారుచేసే పని ఆవిడ నుంచి తప్పిస్తాననీ తేల్చి చెప్పాడు.

"అలాగే సార్" అందావిడ, చాలా వినయంగా. అంత వినయం చూసి ఆయనకి అనుమానం పుట్టింది.

ఆ సాయంత్రం క్షవరానికి వెళ్ళాడు. మంగలి ఒక బుగ్గ గీసి, రెండో బుగ్గకి నురగ పట్టిస్తూ అడిగాడు.

"కొత్త హెడ్మాస్టరు గారు మీరేనా అండీ? ఎలుకబుంగమ్మ గారు కులాసాయేనా?"

"నీకెలా తెలుసయ్యా ఆవిడ?"

"భలేవారే, నేను ఆవిడ దగ్గర చదువుకున్నవాణ్ణి! బుడబుంగ తన ఈకలు తనే పీక్కు తింటుంది సార్, తెలుసా? చేపముళ్ళు పొట్టలో గుచ్చుకోకుండా లోపల మెత్తగా పరుపు వేసుకుంటుందన్నమాట. పిల్లలకి కూడా తినిపిస్తుంది."

"నాకెందుకయ్యా ఇవన్నీ?"

"తెలుసుకుని ఉండండి సార్. పరీక్షలో వస్తుంది."

మర్నాడు కడుపునొప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "నీళ్ళు సరిగా తాగట్లేదు కదూ? ఏం సార్, ఎడారి ఎలుకననుకుంటున్నారా?" అన్నాడు.

హెడ్మాస్టరు బల్ల మీద నుంచి లేచి కూర్చున్నాడు. "మీరూ ఆవిడ శిష్యులేనా?"

"నేనే కాదు, మా ఆవిడ కూడా. ఇద్దరం ఒకే తరగతి. తను పోలికలు బట్టీపట్టింది, నేను భేదాలు బట్టీపట్టాను. పెళ్ళయి పదిహేనేళ్ళయింది, ఇప్పటికీ ఎవరి భాగం వాళ్ళే అప్పజెబుతుంటాం."

పోనీ ఇంట్లోనైనా మనశ్శాంతి దొరుకుతుందా అంటే, భార్య అన్నం వడ్డిస్తూ అంది: "ఏమండీ, పాలవాడు చెప్పాడు, మనుషులంతా రెండే రకాలట. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుని నెట్టుకొచ్చేవాళ్ళు ఎలుకలట, పని చెప్పగానే మాయమయ్యేవాళ్ళు బుంగలట. మీరు మాత్రం అచ్చం బుంగేనండీ. కూరలు తెమ్మనగానే మునిగిపోతారు. తీరా చూస్తే పేపరు వెనకాల తేలతారు."

హెడ్మాస్టరు గబగబా పేపరు తెరిచి దాని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇంతలో ఏడాది పరీక్షలు దగ్గర పడ్డాయి. ఎలుకబుంగమ్మ ప్రశ్నపత్రం చిత్తుప్రతి పంపింది. మొదటి ప్రశ్న యథాతథంగా ఉంది. హెడ్మాస్టరు ఎర్రసిరాతో కొట్టేసి వెనక్కి పంపాడు. రెండో చిత్తు వచ్చింది. "నీరు తాగని ఒక చిన్న జంతువునూ, నీరు వదలని ఒక చిన్న పక్షినీ పోల్చుము" అని ఉంది. కొట్టేశాడు. మూడో చిత్తులో మొదటి ప్రశ్న నిఖార్సుగా మూత్రపిండం గురించే. అమ్మయ్య అనుకుని పేజీ తిప్పితే, చివర "ఈ కిందివాటిని జతపరచుము" అని ఒక ప్రశ్న. ఎడమవైపు రెండే పేర్లున్నాయి. అవేమిటో వేరే చెప్పనక్కర్లేదు.

"మేడమ్, నా ఓపికని పరీక్షించకండి!"

"పరీక్షలు పెట్టడం నా వృత్తి సార్."

నాలుగో చిత్తులో ఏమీ దొరకలేదు. దాంతో ఆయనకి అనుమానం ఇంకా ముదిరింది. ప్రతి వాక్యం మొదటి అక్షరం కలిపి చదివాడు. చివరి అక్షరం కలిపి చదివాడు. కాగితాన్ని తలకిందులు చేసి చదివాడు. టీ తెచ్చిన అటెండరు ఇది చూసి, "సార్, కళ్ళజోడు కావాలా?" అని అడిగాడు. "వద్దు, ఇందులో ఎలుక ఎక్కడుందో వెతుకుతున్నాను" అన్నాడు హెడ్మాస్టరు. అటెండరు వెళ్ళి గది మూలన ఎలుకబోను పెట్టి వచ్చాడు.

ఎంత వెతికినా లేదు. నిజంగానే తీసేసింది. ఆయన సంతకం పెట్టి అచ్చుకి పంపాడు. గెలిచాననుకున్నాడు.

జీవశాస్త్రం పరీక్ష రోజు వచ్చింది. ఏ సబ్జెక్టు టీచరు ఆ సబ్జెక్టు పరీక్షకి కాపలా ఉండకూడదని నిబంధన. కాబట్టి ఎలుకబుంగమ్మ స్టాఫ్ రూములో ఉండిపోయింది. ఎనిమిదో తరగతి అరవై మందీ పొడుగు హాల్లో కూర్చున్నారు. కాపలాకి లెక్కల మేస్టారు, ఆయనకి తోడుగా హెడ్మాస్టరు స్వయంగా వెళ్ళాడు. తన విజయాన్ని కళ్ళారా చూసుకోవాలని ఆయన సరదా.

కాగితాలు పంచారు. హాలంతా గలగల. పిల్లలు కాగితం వెనక్కి తిప్పారు. ముందుకి తిప్పారు. కొందరు వెలుతురుకేసి ఎత్తి చూశారు. ఒకడు బల్ల కింద వెతుక్కున్నాడు. చివరికి ముందు వరసలో ఒక చెయ్యి లేచింది.

"సార్, నా పేపర్లో ఒక ప్రశ్న రాలిపోయింది సార్."

"రాలలేదు. తీసేశాం."

"ఎందుకు సార్? ఎలుక చచ్చిపోయిందా?"

"లేదు!"

"మరి బుంగో?"

"రెండూ క్షేమంగా ఉన్నాయి! మాట్లాడకుండా రాయండి!"

హాలు నిశ్శబ్దమైపోయింది. హెడ్మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య తిరగడం మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. తన బూట్ల చప్పుడు తనకే వినబడుతోంది. అప్పుడు తట్టింది ఆయనకి, పరీక్ష హాల్లో వినబడాల్సిన చప్పుడు అది కాదని. కలాలు కదులుతున్న చప్పుడు ఎక్కడో ఒకటీ అరా తప్ప లేదు.

మూడో వరసలో కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఆయనకి బాగా తెలిసిన పిల్లే. రోజూ పొద్దున గేటు దగ్గర ఆగకుండా వాగుతుంటుంది. బడికి వేరే గంట కట్టక్కర్లేదు, ఆ నోరే గంట అని అటెండరు వేళాకోళం చేస్తుంటాడు. ఇప్పుడా పిల్ల కలం మూత కూడా తియ్యలేదు. తలెత్తి సీలింగు ఫ్యానుకేసి చూస్తోంది.

హెడ్మాస్టరు వంగి, "రాయమ్మా" అన్నాడు.

ఆ పిల్ల పెదాలు తడుపుకుంది. "అన్నీ వచ్చు సార్. మొదలుపెట్టడమే రావట్లేదు."

ఆయన కూడా తలెత్తి ఫ్యానుకేసి చూశాడు.

ఆ ఫ్యాను ఆయనకి తెలుసు. ఈ హాల్లోది కాదు, తను పద్నాలుగో ఏట లెక్కల పరీక్ష రాసిన హాల్లోది. అన్నీ వచ్చి కూడా నలభై నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి కదల్లేదు. పరీక్ష పోయింది. ఎందుకు పోయిందిరా అని నాన్న అడిగితే, భయమేసిందని చెప్పుకోలేక, చదవలేదని చెప్పి చెంపదెబ్బ తిన్నాడు. ఈ సంగతి ఇన్నేళ్ళలో కట్టుకున్న భార్యక్కూడా చెప్పలేదు.

చుట్టూ చూశాడు. ఒకడు గోరు కొరుకుతున్నాడు. ఇద్దరు కలం చివర నములుతున్నారు. ఒక పిల్ల తన పేరు రాసి, దాని కింద గీత గీసి, ఆ గీత కింద ఇంకో గీత గీస్తోంది. యాభైకి పైగా కలాలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి.

నిబంధనల పుస్తకం మనసులోనే తిరగేశాడు. దీనికి సంబంధించిన పేజీ అందులో లేదు. అప్పుడు తిన్నగా బోర్డు దగ్గరికి నడిచి సుద్దముక్క అందుకున్నాడు.

"మిగిలిన టైము రాస్తున్నారా సార్?" అని అడిగారు లెక్కల మేస్టారు.

"ఊఁ" అని హెడ్మాస్టరు గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఎడారి ఎలుకకూ బుడబుంగకూ గల పోలికలు రాయుము. మార్కులు లేవు. ముందు ఇది రాసి, తర్వాత మిగతావి రాయండి."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ వెంటనే అరవై కలాలు రేకుల మీద వాన పడ్డట్టు మొదలయ్యాయి. కిటికీ పక్క పిల్ల పంటితో కలం మూత పీకి, మళ్ళీ ఫ్యాను మొహం చూడలేదు. పది నిమిషాల తర్వాత హెడ్మాస్టరు ఏమీ ఎరగనట్టు అటుగా వెళ్ళి తొంగిచూశాడు. ఎలుక మూత్రపిండం గురించి రాస్తూ రాస్తూ, ఒక్క గెంతులో మనిషి మూత్రపిండంలో పడింది. అది అసలు పేపర్లోని మొదటి ప్రశ్న. ఆ గెంతు ఎప్పుడు గెంతిందో ఆ పిల్లకే తెలిసినట్టు లేదు.

లెక్కల మేస్టారు దగ్గరికొచ్చి చెవిలో అన్నారు: "సార్, వచ్చే లెక్కల పరీక్షలో కూడా ఈ ప్రశ్న ఇచ్చేద్దామా?"

పరీక్ష అయ్యాక హెడ్మాస్టరు స్టాఫ్ రూముకి వెళ్ళాడు. కబురు ఆయనకంటే ముందే అక్కడికి చేరిపోయింది. ఎలుకబుంగమ్మ ఫ్లాస్కులోంచి టీ ఒంపుతూ, "బోర్డు మీద మీ దస్తూరీ ముత్యాల్లా ఉందట సార్" అంది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక్క మాట అడుగుతాను, బుంగలా మునిగిపోకుండా చెప్పండి. ఆ ప్రశ్న మార్కుల కోసం కాదు కదూ?"

"రెండు మార్కులతో ఏ పిల్ల గట్టెక్కుతుంది సార్?" అని ఆవిడ టీ చేతికిచ్చింది. "నేను ఉద్యోగంలో చేరిన ఏడు మహా తెలివైన పేపరొకటి తయారుచేశాను. ఒక్కో ప్రశ్నా ఒక్కో పొడుపుకథ. సగంమంది తెల్లకాగితాలిచ్చి వెళ్ళిపోయారు. వాళ్ళేమీ మొద్దులు కారు. నోటితో అడిగితే గడగడా చెప్పారు. కాగితం కొత్తగా కనిపించేసరికి చేతులు బిగుసుకుపోయాయి, అంతే. దాంతో ఆ తర్వాతి పరీక్షలో, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే ప్రశ్న మొదట పెట్టాను. చెయ్యి ఒకసారి కదిలిందంటే మిగతావి అవే వస్తాయి."

"మరి ఎలుకా బుంగే ఎందుకు?"

"ఆ ఏడు పాఠ్యపుస్తకంలో మధ్య పేజీలు కుట్టడం మరిచిపోయారు. దాంతో పుస్తకం తెరిస్తే ఎడమవైపు ఎలుక బొమ్మ, కుడివైపు బుంగ బొమ్మ. పిల్లలు ఏడాదంతా ఆ రెంటినీ పక్కపక్కన చూస్తూ గడిపారు. వాళ్ళ నుంచి తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పాకింది. ఇప్పుడు చేరే పిల్లలు బళ్ళోకి రాకముందే ఆ ఒక్కటీ నేర్చుకుని వస్తున్నారు."

"ఈ మాట నాకు మొదటిరోజే చెప్పొచ్చుగా!"

"ఫలానా పిల్లకి భయమని పదిమందిలో తెలిస్తే ఆ పిల్ల భయం రెట్టింపవుతుంది సార్. దానికంటే టీచరుకి పిచ్చి అనుకోవడం నయం కదా?"

హెడ్మాస్టరు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత, ఎవరితోనూ అనని మాట, ఉన్నట్టుండి అనేశాడు. "పద్నాలుగేళ్ళప్పుడు నేను నలభై నిమిషాలు ఫ్యాను చూశాను మేడమ్."

"నేను చదువుకున్న బళ్ళో ఫ్యాను లేదు నాయనా" అంది ఎలుకబుంగమ్మ, 'సార్' అనడం మరిచిపోయి. "నేను బల్లిని చూశాను. గంటసేపు. చివరికి దానికి నా మీద జాలేసి, అదే అవతలికి వెళ్ళిపోయింది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. పక్క గదిలోంచి సోషలు మేస్టారు ఏమైందోనని వచ్చి, ముందు బల్ల కిందికి చూసి, తర్వాత వాళ్ళకేసి చూసి వెళ్ళిపోయారు.

"అన్నట్టు సార్" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ప్రశ్నలో సగం మింగేశారు. పోలికలు మాత్రమే అడిగారు. భేదాలేవి?"

"తొందర్లో మరిచిపోయాను మేడమ్."

"సరే, మొదటి తప్పు కాబట్టి వదిలేస్తున్నాను. కానీ అది మీరిచ్చిన ప్రశ్న. దిద్దాల్సింది కూడా మీరే" అని అరవై జవాబుల కట్ట ఆయన ముందు పెట్టింది. ఒక్కోటి నాలుగేసి పేజీలు.

హెడ్మాస్టరు చొక్కా చేతులు పైకి మడిచి, ఎర్ర కలం తీసుకుని దిద్దడం మొదలుపెట్టాడు. రెండూ పిల్లల్ని బాగా చూసుకుంటాయని ఒకడు రాశాడు. రెండింటికీ ఫీజు కట్టక్కర్లేదని ఇంకొకడు. రెండూ పిలిస్తే పలకవు, మా అన్నయ్య లాగే అని ఒక అమ్మాయి. ఆయన ఒక్కోటి చదువుతూ లోలోపల నవ్వుకుంటూ, కిటికీ పక్క పిల్ల కాగితం దగ్గరికి వచ్చాడు. ఐదు పేజీలుంది. మొదటి రెండు వాక్యాలు ఇలా ఉన్నాయి: "ఒకటి, రెండూ చిన్నవి. రెండు, రెండూ మన హెడ్మాస్టరు గారికి నచ్చవు."

"ఏంటి సార్, ఆగిపోయారు?" అని అడిగింది ఎలుకబుంగమ్మ, తను దిద్దుతున్న తొమ్మిదో తరగతి కట్టలోంచి తలెత్తకుండానే.

"ఏం లేదు మేడమ్" అని ఆయన ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో రాశాడు: "రెండో పోలిక తప్పు."